పొట్ట బావ ఉపన్యాసాలు

మొన్న మా స్కూలు యాజమాన్యానికి మా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సైన్సు టీచర్లందర్నీ బీచ్ రోడ్డులో ఒక ఏసీ హోటల్‌కి తీసుకెళ్ళింది. ఎవరో పెద్ద నిపుణుడట, కోటు వేసుకుని వచ్చాడు. తెర మీద మనిషి పొట్ట బొమ్మ వేశాడు. అందులో రంగురంగుల సూక్ష్మజీవులు, ఒక్కోదానికీ రెండు కళ్ళు, నవ్వు మొహం. "మీ పొట్టే మీ రెండో మెదడు" అన్నాడు గొంతు తగ్గించి, ఎవరికీ తెలియని రహస్యం మాకొక్కరికే చెబుతున్నట్టు. పేగుల్లో ఉండే బాక్టీరియాకీ, మన నిద్రకీ, దిగులుకీ, జ్ఞాపకశక్తికీ సంబంధం ఉందన్నాడు. నా పక్క టీచరు గబగబా రాసుకుంటోంది. నాకు నవ్వాగలేదు. పైకే నవ్వేశాను.

"డౌటా మేడమ్?" అన్నాడాయన.

డౌటు కాదు నాయనా. ఈ ముక్క వినీ వినీ నా చెవులు ఎప్పుడో చిల్లులు పడ్డాయి. ఏసీ లేకుండా, ఎండుచేపల వాసన మధ్య, ఫిషింగ్ హార్బర్‌లో విన్నాను. చెప్పినాయనకి కోటు మాట అలా ఉంచు, చొక్కా వేసుకునే అలవాటు కూడా అంతంత మాత్రమే. ఉపన్యాసం అయ్యాక మా సూక్ష్మజీవుల క్షేమం కోరి కేకులు, పఫ్‌లు, కూల్‌డ్రింకులు పెట్టారు. ఆయనే గనక అక్కడుంటే నిపుణుణ్ణి నిలబెట్టి "నాలిక సూపించు" అనేవాడు.

ఆయన మా ఆడపడుచు భర్త. మా ఆయనకి బావ, నాకు అన్నయ్య వరస. హార్బర్‌లో మాత్రం చిన్నాపెద్దా అందరికీ 'పొట్ట బావ'. ఆ పేరున్న మనిషికి పొట్టే లేదు. వెదురు కర్రకి లుంగీ చుట్టినట్టుండేవాడు. ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన టార్పాలిన్ కింద కూర్చుని చిరిగిన వలలు కుట్టడం ఆయన పని. ఆ పని చేతులు వాటంతటవే చేసుకుపోయేవి. నోరు ఖాళీగా ఉండేది. ఖాళీగా ఉన్న నోరు ఊరికే ఉండదు కదా, మహానుభావుడు లోకాన్ని బాగుచేయడానికి పూనుకున్నాడు.

ఎవరైనా ఎదురైతే బాగున్నావా అని అడగడం ఆయనకి చేతకాదు. "పొద్దున్న ఏటి తిన్నావ్?" అనేవాడు. ఉప్మా అన్నామా, చావు కబురు విన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. తర్వాత నాలిక చూపించమనేవాడు. ఆ తర్వాత మాటామంతీ లేకుండా రెండు వేళ్ళతో మన పొట్ట మీద తట్టి, పుచ్చకాయ కొనేవాడిలా చెవి ఒగ్గి వినేవాడు. నా పొట్ట మీద తట్టే ధైర్యం చేయలేదు గానీ, నాలిక మాత్రం పెళ్ళయిన కొత్తలోనే చూపించమన్నాడు. ఓట్లడగడానికి వచ్చిన నాయకుడొకాయన మెడలో దండతో సహా నోరు తెరిచి నిలబడ్డం నేను కళ్ళారా చూశాను.

ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మాట.

"కోపమా? పొట్ట. మతిమరుపా? పొట్ట. పెళ్ళాం మీద సిరాకా? అది డబల్ పొట్ట."

నేను ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెబుతానని తెలిశాక నా బతుకు మరీ అన్యాయమైపోయింది. ఆదివారం చేపలకని వెళ్తే చాలు, పట్టుకునేవాడు.

"లోపల కూడా హార్బరే సెల్లెమ్మా. మంచోల్లుంటారు, దొంగోల్లుంటారు. మంచోల్లకి తిండెయ్యకపోతే దొంగోల్లు జెట్టీ పట్టీస్తారు. ఇంక గొడవే గొడవ. ఆ గొడవంతా పైన బుర్రకి ఇనిపిత్తాది. మరింక నిద్రేటి పడతాది?"

"బుర్రకి ఎలా వినిపిస్తుంది అన్నయ్యా, మైకు పెట్టారా?"

"మెడలోంచి ఒక తీగుంటాదంట. ఫోను తీగ లాంటిది. నీ పుస్తకంలో రాయలేదేటి?"

రాశారు. పేగుల్నీ మెదడునీ కలిపే నాడి ఒకటి మెడలోంచే పోతుంది. ఆయన చెప్పిన దాంట్లో ఇలా ఒక ముక్క నిజమై కూర్చోవడం నా కర్మ. అంతటితో ఆగితే దండం పెట్టి ఊరుకుందును. ఆ జీవులకి వేలంపాట గోల పడదట. అమావాస్య నాడు అవి పని చేయవట. ఇంగ్లీషు మీడియం పిల్లల కడుపులో ఉన్నవి తల్లి మాట వినవట. ఇవన్నీ ఎక్కడ చదివావని అడిగితే, ఫోనులో ఎవరో చెప్పాడనేవాడు. ఆ ఎవరోగారు ఏ డాక్టరో అంటే, "గెడ్డం ఉన్నాది, తెల్ల కోటు ఏసుకున్నాడు, ఇంకేటి గావాల?" అని నన్నే ఎదురడిగేవాడు.

ఇంత భక్తికీ మూలవిరాట్టు వాళ్ళింట్లో తరవాణి కుండ. తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి పులియబెడితే తరవాణి. ఆ కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయరు. అడుగున మిగిలిన పాత పులుపే రేపటి కొత్త గంజిని పులియబెడుతుంది. మా వదిన ఆ పులుపుని పుట్టింటి నుంచి చెంబులో తెచ్చుకుని, కాపురానికొచ్చిన నాటి నుంచీ కాపాడుకొస్తోంది. పొద్దున్నే చద్దన్నంలో ఆ తరవాణి పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాల్చిన ఎండుచేప పక్కన పెడితే నేనైనా సరే నోరు మూసుకుని తినేస్తాను. ఆ రుచికి వంక పెట్టను.

అలాంటి కుండ జోలికి మా అన్నయ్య ఒకరోజు వెళ్ళాడు. సూపర్ మార్కెట్లో చిట్టి చిట్టి సీసాల్లో తియ్యటి పాల నీళ్ళేవో అమ్ముతున్నారు, వాటి నిండా మేలుచేసే బాక్టీరియా ఉందని మూత మీదే రాసుంది. ఈయనకి ఇంకేం కావాలి? కట్ట కొనుక్కొచ్చి, వదిన కుళాయి దగ్గరికి వెళ్ళిన సమయం చూసి, మొత్తం తరవాణి కుండలో వొంపేశాడు. ఏంటిది అని తర్వాత అడిగితే, "కొత్త అల్లుల్లని తెచ్చినాను, పాతోల్లకి సాయంగా ఉంటారని" అన్నాడు. కొత్త అల్లుళ్ళు ఇల్లరికం వచ్చిన పూటే ఇంటిని తగలబెట్టారు. మర్నాటికి కుండ నురగలు కక్కి, గదంతా కంపు. పుట్టింటి పులుపుని మురిక్కాలవలో పారబోస్తూ వదిన తిట్టిన తిట్లు యారాడ కొండ దాకా వినిపించి ఉంటాయి. చివరికి నా దగ్గరకొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆవిడే నాకు పోసిచ్చిన తరవాణి మా ఇంట్లో ఉంది. అందులోంచి ఒక గిన్నెడు తీసుకెళ్ళి మళ్ళీ మొదలుపెట్టింది. అన్నయ్య మాత్రం తప్పు తనదని చచ్చినా ఒప్పుకోలేదు. "ఆల్లకి పంచదార అలవాటు సేసీసినారు కంపెనీవోల్లు" అన్నాడు.

ఇలాంటి మనిషిని ఎవరైనా సీరియస్‌గా తీసుకుంటారా? నేనైతే తీసుకోలేదు, నా సంసారం నడిసముద్రంలో చిక్కుకునే వరకూ.

మా ఆయన బోటు డ్రైవరు. ఒకసారి వేటలో ఉండగా గాలివాన పట్టుకుంది. పెద్ద అలకి, బోటులో పనిచేసే కళాసీ ఒకతను నీళ్ళలో పడిపోయాడు. వెతికారు, అరిచారు, దొరకలేదు. అప్పుడు స్టీరింగు మా ఆయన చేతిలో ఉంది. తప్పు ఆయనది కాదని ఓనరూ అన్నాడు, తోటి కళాసీలూ అన్నారు, ఆఖరికి పోయినవాడి తల్లి కూడా అంది. ఆయన చెవికి ఎక్కలేదు. నిద్ర పోయింది. తిండి పోయింది. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెబుతున్నాడో నన్నే అడిగేవాడు. సముద్రంలో ఎక్కడ ఏ రాయి ఉందో అరచేతిలా తెలిసిన మనిషి, వంటింట్లోకి ఎందుకొచ్చాడో మర్చిపోయి నిలబడిపోయేవాడు.

డాక్టర్ని కలుద్దామన్నాను. కంచం విసిరేశాడు.

"నన్ను వాల్తేరు పంపీసి నువ్వు ఆయిగా బడికెల్తావేటి?"

మా ఊళ్ళో బుర్ర తిన్నగా లేదనడానికి వాల్తేరు పేరే వాడతారు, మానసిక ఆసుపత్రి అటువైపు ఉంది కాబట్టి. అది సరదా మాటే, సినిమాకి వెళ్తున్నామన్నంత తేలిగ్గా అనేస్తారు. డ్రైవరు విషయంలో మాత్రం సరదా కాదు. డ్రైవరు బుర్ర మీద అనుమానం వస్తే కళాసీలు ఆ బోటు ఎక్కరు. ఎక్కమనడానికి మనకి మొహం ఉండదు, ప్రాణాలు వాళ్ళవి. ఒక్కసారి ఆ పేరు పడిందంటే కాకినాడ వెళ్ళినా, పారాదీప్ వెళ్ళినా, మనకంటే ముందే ఆ పేరు వెళ్ళి జెట్టీ మీద కూర్చుంటుంది. ఆయనకి సముద్రం తప్ప ఇంకో పని రాదు. వచ్చినా చేయడు. ఒడ్డున కూర్చోబెడితే ఆ మనిషి నాకు దక్కడని నాకు తెలుసు.

ఆ మర్నాడు అన్నయ్య వచ్చాడు. మా ఆయన్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట తట్టి, నాలిక చూసి, ఇల్లు అదిరేలా ప్రకటించాడు.

"ఓలమ్మో! ఇది పొట్టే! బుర్రా లేదు, గిర్రా లేదు. పొట్ట సర్వనాశనమైపోనాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి చచ్చిపోతున్నాడ్రా దేవుడా అని నేనుంటే ఈయన పురాణం ఈయనది. వాకిట్లోకి లాక్కొచ్చి కడిగేద్దామనుకున్నాను. వాకిట్లోకి రాగానే ఆయనే గొంతు తగ్గించాడు. ఆయనకి గొంతు తగ్గించడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"సెల్లెమ్మా, నువ్వు బుర్రన్నావంటే ఆడు గుమ్మం దాటడు. నాను పొట్టంటాను. ఎలగోలాగ డాక్టరు కాడికే గదా ఎల్లాల?"

"అబద్ధం కదా అన్నయ్యా?"

"అబద్దమేటి? తిండి తిన్నాడేటి ఆడు? పొట్టా పాడయ్యింది, బుర్రా పాడయ్యింది. ఒకటి ఊరికి సెప్దాం, రెండోది డాక్టరుకి సెప్దాం."

జీవశాస్త్రం టీచర్ని. మానసిక వ్యాధులకి సిగ్గుపడకూడదని పిల్లలకి చక్కగా పాఠం చెప్పేదాన్ని. సరేనని తల ఊపాను.

అప్పుడు వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే ఆ కాలంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, డ్రైవరు ఎందుకు రాలేదని అడిగేవాడుండడు. మేం ముగ్గురం భీమిలి బస్సెక్కి, దారి మధ్యలో దిగి, మానసిక డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. భీమిలిలో ఒక ముసలమ్మ దగ్గర పాతకాలపు తరవాణి ఉందనీ, దానికోసం వెళ్తున్నామనీ అన్నయ్య హార్బరంతా టాంటాం వేశాడు. ఋజువుగా ఖాళీ డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చునేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఎవరూ చూడకుండా అందులో కుళాయి నీళ్ళు నింపేవాడు.

డాక్టరు మా ఆయన్ని అడిగిన ప్రతి ప్రశ్నకీ అన్నయ్యే జవాబు చెప్పాడు. మెడలో తీగ గురించి చెప్పాడు. హార్బరు, దొంగోళ్ళు, అన్నీ చెప్పాడు. ఆ డాక్టరు ఎంత ఓపికమంతుడో గానీ అంతా విన్నాడు. విని, మా ఆయనతో అన్నాడు.

"మీ బావ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. పొట్టకీ మెదడుకీ మధ్య అటూ ఇటూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి. దీని గురించి ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి, మాకే అంతా తెలీదు. మీరు చద్దన్నం తినండి, మంచిదే. కానీ అదొక్కటే ఈ బాధని తగ్గించదు. మాత్రలు వేసుకోవాలి. వచ్చి నాతో మాట్లాడాలి. నేను ఆపమనేదాకా ఆపకూడదు."

ఇందులో అన్నయ్యకి వినిపించింది మొదటి వాక్యం ఒక్కటే. "పెద్ద డాక్టరు నన్నడిగే మందు రాసేడు" అని వల కుట్టే ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఏ డాక్టరని అడిగితే పొట్ట డాక్టరనేవాడు. లేచి వస్తూ వస్తూ ఆ డాక్టర్ని కూడా నాలిక చూపించమన్నాడు, నేను చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చాను. కానీ మాత్రల విషయంలో మాత్రం రాక్షసుడు. పొద్దున్నే తరవాణి గిన్నెతో దిగేవాడు. మా ఆయన మాత్ర నోట్లో వేసుకుని మింగేదాకా ఎదురుగా నిలబడి, "ఏదీ, నాలిక సూపించు" అనేవాడు. మాత్ర నాలిక కింద దాచాడేమోనని చూడ్డానికి అంతకంటే మంచి సాకు ఎవరికీ దొరకదు.

ఏది పనిచేసిందో నాకు తెలీదు. మాత్రలో, డాక్టరు మాటలో, ఆ చద్దన్నమో, తోడుగా కూర్చునే మనిషో. తేలాలంటే నలుగురు మా ఆయనల్ని తెచ్చి విడివిడిగా ప్రయోగం చేయాలి, నాకున్నది ఒక్కడు. ఒకరోజు పప్పులో ఉప్పు తక్కువైందని నా మీద అరిచాడు. ఎన్నాళ్ళకి విన్నానో ఆ అరుపు! వంటింట్లోకి పోయి ఏడ్చాను.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లారకముందే హార్బర్‌కి వెళ్ళాం. నేను కేరియరుతో వెళ్ళాను. బోట్లలోకి ఐసు ఎక్కిస్తున్నారు. ఓనరు బోటు తాళం చేతిలో పట్టుకుని, ఇవ్వకుండా, కళాసీలందరి ముందూ అడిగేశాడు.

"నీ బుర్రలో ఏదో తేడా అంతన్నారు. నిజమేనా?"

మా ఆయన మొహం తెల్లబోయింది. అప్పుడు పొట్ట బావ వల పక్కన పడేసి లేచాడు.

"బుర్రేటి బాబూ, పొట్ట! కూకోండి సెప్తాను" అని మొదలెట్టాడు. లోపలి హార్బరు, మంచోళ్ళు, దొంగోళ్ళు, మెడలో తీగ, అమావాస్య, కంపెనీ పంచదార, అన్నీ వచ్చాయి. ఓనరు కదలబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కళాసీలు ఐసు పెట్టెల మీద కూర్చుని బడిపిల్లల్లా విన్నారు. పైగా ప్రశ్నలు కూడా.

"మరి రొయ్యల కూర తింటే ఆల్లేటంటారు బావా?"

"మందు తాగితే ములిగిపోతారేటి?"

అన్నిటికీ వివరంగా సమాధానం చెప్పాడు. వాళ్ళు గడ్డం కింద చేతులు పెట్టుకుని తలలు ఊపారు. చివరికి ఓనరు దండం పెట్టేశాడు.

"సాలు బావోయ్, సాలు! ఇదిగో తాళం. నీ పొట్టా ఒద్దు, నీ పురుగులూ ఒద్దు."

బోటు కదిలింది. ఇంత సొల్లుకి మోసపోయే అమాయకులు ఈ లోకంలో ఉన్నారు కాబట్టి బతికిపోయామని ఇంటికెళ్తూ అనుకున్నాను. ఆ తర్వాత ఏడాదికేడాది అదే తంతు. మా ఆయన కాస్త డీలాగా కనిపిస్తే చాలు, అన్నయ్య ఐసు పెట్టెల దగ్గర సభ పెట్టేవాడు. కళాసీలు బుద్ధిగా వినేవారు.

పోయిన చలికాలంలో అన్నయ్య చనిపోయాడు. గుండె ఆగిపోయింది. జన్మంతా పొట్ట గురించే ఆలోచించినాయన గుండె సంగతి ఒక్కరోజైనా పట్టించుకోలేదు. మధ్యాహ్నం వల ఒళ్ళో పెట్టుకుని అలాగే వెనక్కి వాలిపోయాడట. నేను స్కూల్లో ఉన్నాను. వచ్చేసరికి చాప మీద పడుకోబెట్టారు. అంత నిశ్శబ్దంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నాకు చాలా ఏడుపొచ్చింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.

ఈ ఏడాది నిషేధం ఎత్తేసిన రోజు మళ్ళీ కేరియరు పట్టుకుని వెళ్ళాను. పాత ఓనరు బోటు అమ్మేశాడు. కొన్నతను భీమిలి వైపు మనిషి, మాకు కొత్త. ఎవరు చెప్పారో ఏమో, తాళం ఇచ్చే ముందు అతనూ అడిగాడు.

"డ్రైవరుగారూ, మీకేదో బాగోలేదట. ఏటది?"

అందరం ఐసు ఫ్యాక్టరీ గోడ వైపు చూశాం. టార్పాలిన్ కింద ఎవరూ లేరు. మా ఆయన "పొట్ట..." అని మొదలెట్టి ఆగిపోయాడు. పురుగుల గురించి ఏదైనా చెబుతాడేమో, నేనే అందుకుందామా అనుకున్నాను. పాఠం నాకు కంఠతా వచ్చు. నేను నోరు తెరిచేలోపే ఆయన మాట్లాడాడు.

"పొట్ట కాదండీ. బుర్రే. అప్పుడొక మనిషి పోనాడు నా బోట్లో. అప్పట్నుంచి నిద్దర్లేదు నాకు. డాక్టరు కాడికెల్లినాను. ఇప్పుడు బాగున్నాను గానీ మాత్రలేసుకుంతన్నాను. రోజూ."

నేను కళాసీల కాళ్ళ వంకే చూస్తున్నాను, ఎవడు ముందు వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడా అని. అందరికంటే పెద్ద కళాసీ చేతిలో ఉన్న ఐసు గంపని లోపలున్నవాడికి అందించి, మా ఆయన వైపు తిరిగాడు.

"తెలుసులే బావా. ఎప్పట్నుంచో తెలుసు మాకు. ఎక్కు, ఐసు కరిగిపోతంది."

కొత్త ఓనరు వాళ్ళందరి మొహాలూ ఒకసారి చూశాడు. తాళం ఇచ్చేశాడు. మా ఆయన ఎక్కాడు, వెనకే వాళ్ళూ ఎక్కారు. నాకు ఉండబట్టలేదు. కేరియరు అందిస్తూ ఆ పెద్ద కళాసీని అడిగేశాను.

"తెలిస్తే మరి ఇన్నేళ్ళూ ఆ ఉపన్యాసాలన్నీ ఎందుకు విన్నారు?"

అతను తాడు విప్పుతూ నావంక వింతగా చూశాడు.

"మీ ఆయన కోసం అంత కట్టపడి సెప్తన్నాడు గదా పాపం. మద్దిలో లెగిసెల్లిపోతే ఏటి బాగుంటాది సెల్లెమ్మా?"